రిసాలిలో లంక చుట్ట

కోసి ఎండబెట్టాక కూడా పొగాకు గాలితో లావాదేవీ మానదు. గాలి పొడిగా ఉంటే తన తేమ వదిలేస్తుంది, చెమ్మగా ఉంటే పీల్చుకుంటుంది. చుట్ట చుట్టినా, సిగారుగా మలిచి పెట్టెలో పెట్టినా ఆ గుణం పోదు. తేమ తగ్గితే పై ఆకు పెళుసెక్కి వేళ్ల మధ్యే పొడిపొడి అవుతుంది. వెలిగిస్తే గబగబా కాలుతుంది, ఘాటు గొంతుకు పడుతుంది. ఆకులోని నూనెలు ఎగిరిపోయాక మళ్లీ ఎంత తడిపినా ఆ వాసన రాదు. తేమ ఎక్కువైతే లోపలి ఆకు ఉబ్బి పై ఆకు చిట్లుతుంది. పీల్చినా పొగ రాదు, నిప్పు మాటిమాటికీ ఆరిపోతుంది, చివరికి బూజు పడుతుంది. సిగార్లు దాచేవాళ్లు ప్రపంచమంతటా పాటించే అంకెలు 65 నుంచి 70 శాతం సాపేక్ష తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడిమి. గోదావరి లంకల్లో వరద ఒండ్రు మీద పండే పొగాకుకీ అదే లెక్క, ఎందుకంటే క్యూబా ఆకైనా లంక ఆకైనా మొక్క జాతి ఒకటే.

తేమ శాతం అనే మాట దగ్గరే చాలామంది తడబడతారు. అది గాలిలో ఉన్న నీటి కొలత కాదు. ఆ వేడిమి దగ్గర గాలి పట్టగలిగినంతలో ఇప్పుడు ఎంత ఉందన్నదే ఆ లెక్క. ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల ఆవిరిని మోస్తుంది, 40 దగ్గర 51 గ్రాములు. అంటే 70 శాతం తేమ ఉన్న 20 డిగ్రీల గాలిని 40కి వేడి చేస్తే, ఒక్క చుక్క పోకుండానే తేమ 24 శాతానికి పడిపోతుంది. ఉక్కు ఊరు భిలాయిని ఆనుకుని ఉన్న రిసాలిలో మే నెల మధ్యాహ్నాల సంగతి ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు.

నిజానికి గాలిలో నీటి లెక్క ఉక్కు ఊరికి కొత్త విషయం కాదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి ఊదే వేడిగాలిలో ఆవిరి ఉంటే, ఎర్రగా కాలుతున్న కోక్ దాన్ని హైడ్రోజన్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా విడగొడుతుంది. ఆ పనికి కొలిమి వేడి ఖర్చవుతుంది. వానాకాలం, ఎండాకాలం ఒకే కోక్ వేసినా కొలిమి ఒకేలా నడవకపోవడానికి ఇదొక కారణం. 1904లో పెన్సిల్వేనియాలో జేమ్స్ గేలీ అనే ఇంజనీరు, ఊదే గాలిని ముందుగా అమ్మోనియా శీతల యంత్రాలతో చల్లబరిచి, తేమను మంచుగా కట్టించి తీసేశాడు. టన్ను ఇనుముకు పట్టే కోక్ దాదాపు అయిదో వంతు తగ్గిందని లెక్క చూపితే తోటి ఇంజనీర్లు చాలామంది నమ్మలేదు. తరవాతి తరాలు దారి మార్చాయి. తేమ తీసేయడానికి తంటాలు పడేకంటే, కావాలనే కొంత ఆవిరి కలిపి ఏడాది పొడుగునా ఒకే మట్టాన నిలిపితే కొలిమి నిలకడగా నడుస్తుందని చాలా కర్మాగారాలు గ్రహించాయి. ఎంత తేమ ఉందన్నది ఒక ప్రశ్న, అది ఎంత నిలకడగా ఉందన్నది ఇంకో ప్రశ్న. భిలాయిలో మొదటి కొలిమి 1959 ఫిబ్రవరిలో వెలిగింది. ఆ పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాల్లో ఈ నిలకడ సంగతి ఉద్యోగరీత్యా తెలిసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంటికొచ్చాక చుట్టల డబ్బా విషయంలో మాత్రం అదే మనుషులు దాన్ని మరిచిపోతారు.

ఈ వారం రాతకు కారణం అలాంటి మరుపే. విదేశాన్నుంచి కానుకగా వచ్చిన సిగార్ల పెట్టెలో ఒక చిన్న తేమ పొట్లం ఉంది. ఉప్పు ద్రావణం నింపిన ఆ పొట్లం, తేమ తక్కువైతే ఆవిరి ఇస్తుంది, ఎక్కువైతే పీల్చుకుంటుంది. రిసాలిలో ఒక ఇంట్లో దాన్ని చెత్త అనుకుని పారేసి, మాత్రల సీసాలోని సిలికా జెల్ పొట్లం తెచ్చి పెట్టారు. సిలికా జెల్‌కు పీల్చుకోవడమే గానీ ఇవ్వడం పని కాదు. పదిరోజుల్లో సిగార్లు కట్టెపుల్లలయ్యాయి.

పాత డబ్బాల మీద ఈ శీర్షికకున్న మమకారం పాఠకులకు తెలిసిందే. ఆవకాయ జాడీని సమర్థించిన శీర్షికే ఇది. కాబట్టి ఇక్కడా రేకు డబ్బాదే గెలుపు అనుకోవడం సహజం. సెలవులకు శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్లి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా తిరిగొచ్చే రైల్లో ఇన్నేళ్లుగా చుట్టల కట్టలు వస్తూనే ఉన్నాయి. ఊళ్లో ముసలమ్మలు వాటిని రేకు డబ్బాలో వేసి బియ్యపు కుండ పక్కన పెట్టేవారు. తేమ కొలిచే మీటరు లేదు, పొట్లం లేదు, చుట్ట మాత్రం మెత్తగానే ఉండేది.

అయితే అక్కడ పని చేసింది డబ్బా కాదు, సముద్రం. తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ 60 శాతం పైనే ఉంటుంది, రాత్రికీ పగటికీ పెద్ద తేడా ఉండదు. వదులు మూత డబ్బా లోపలికి ఆ గాలే వెళ్లొస్తుంది. రిసాలి తీరానికి చాలా దూరం. మే నెలలో తేమ 20 శాతం కిందకు దిగుతుంది, ఆగస్టులో 90కి చేరుతుంది. పైగా వేసవిలో కిటికీకి బిగించిన కూలర్ గది గాలిని సగం తడుపుతుంది, ఆపేసిన గంటకే గది మళ్లీ ఎండుతుంది. ఆ గదిలో వదులు మూత డబ్బా ఆకును రోజూ ఉబ్బించి రోజూ ఎండబెడుతుంది. ఎప్పుడూ కాస్త పొడిగా ఉన్న ఆకుకంటే, రోజుకొకసారి ఇలా ఉబ్బి ముడుచుకునే ఆకు తొందరగా చిట్లుతుంది. రిసాలిలో గెలిచేది రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బానే. ఈ శీర్షికకు అది రుచించే మాట కాదు, అయినా లెక్క అటే చూపిస్తోంది.

ఆ డబ్బా నిండుగా ఉండాలి. అయిదు లీటర్ల డబ్బాలో 30 డిగ్రీల దగ్గర, 70 శాతం తేమ ఉన్న గాలి మోసే నీరు గ్రాములో పదో వంతు. అదే డబ్బాలో ఆరేసి గ్రాముల చుట్టలు 50 ఉంటే ఆకులోని నీరే 30 గ్రాముల పైన ఉంటుంది. తేమ నిల్వ ఉండేది ఆకులో, గాలిలో కాదు. అందుకే మూత గట్టిగా ఉన్న నిండు డబ్బాలో వేడి పెరిగినా తేమ శాతం పెద్దగా మారదు. నాలుగు చుట్టలతో వెలితిగా ఉన్న డబ్బా మూత తీసిన ప్రతిసారీ ఆకులోంచి కొంత నీరు పోతుంది. ఇక ఖరీదైన చెక్క పెట్టె సంగతి. దానికి వాడేది స్పానిష్ సీడార్ అనే కర్ర. పేరులో సీడార్ ఉన్నా దేవదారు కాదు, మన వేప కుటుంబం చెట్టు. కొత్త పెట్టెను ముందుగా తేమకు అలవాటు చేయకుండా వాడితే అదే ఆకులోని నీరు తాగేస్తుంది.

మీటర్ల మీద గుడ్డి నమ్మకం పనికిరాదు. పరీక్షకు వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో శుద్ధి చేసిన ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని నీటి చుక్కలు వేసి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచాలి. నీరు ఎంత వేశారన్నదానితో నిమిత్తం లేకుండా, ఉప్పు కరగకుండా మిగిలినంత వరకు లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపితే దాని తప్పు అయిదని తెలుస్తుంది. కల్లుప్పు ఈ పరీక్షకు వద్దు. అందులోని మెగ్నీషియం లవణాలు అంతకంటే తక్కువ తేమకే నీరు కారతాయి. వానాకాలంలో మొదట చెమ్మగిల్లేది కల్లుప్పు జాడీయే. ఆ జాడీ కారడం మొదలైందంటే చుట్టల డబ్బా మూత అసలు తీసి ఉంచకూడదు.

తేమ కలపాల్సివస్తే డబ్బాలో పెట్టే స్పాంజికి కుళాయి నీరు వాడకూడదు, అందులోని సున్నం దాన్ని పూడ్చేస్తుంది. బ్యాటరీకి పోసే శుద్ధ జలం మేలు. ఆపిల్ ముక్క, బంగాళాదుంప ముక్క వేయడం బూజును పిలవడమే. డబ్బాను ఫ్రిజ్ పైన, శ్లాబు కింద అటక మీద పెట్టకుండా లోపలి గోడ బీరువాలో కింది అరలో పెట్టాలి. తేమ ఎంత సరిచూసినా పొగ చేసే హాని తగ్గదు. నిప్పు కొస నోట్లో పెట్టుకునే అడ్డపొగ ఉత్తరాంధ్ర ఆడవాళ్ల అంగిట్లో తెచ్చిన పుండ్లకు, చుట్ట మెత్తనా పెళుసా అన్నదానితో సంబంధం లేదు.

మిగిలింది పురుగు. 25 డిగ్రీలు దాటాక పొగాకు పెంకుపురుగు గుడ్లు చురుగ్గా పగులుతాయి. చుట్టలో సూదిబెజ్జాలు కనిపించాయంటే అది లోపల తిని బయటపడినట్టు. ఇదే పురుగు పసుపు కొమ్ములనూ ధనియాలనూ ఎండుమిర్చినీ పడుతుంది కనుక మసాలాల అర పక్కన చుట్టలు ఉండకూడదు. కొత్తగా వచ్చిన కట్టను గాలి తీసేసిన కవరులో బిగించి, ముందు ఒక రోజు ఫ్రిజ్‌లో, తరవాత మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. తొందరపడి విప్పితే చల్లటి ఆకు మీద గది ఆవిరి నీటి బొట్లుగా పడుతుంది.