ఉరుమి ఎప్పుడు చేతికిస్తారు?

కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు నేర్చుకోవాలనుకునే మన కుర్రకారును ముందుగా లాగేది ఉరుమి. నడుముకు చుట్టుకోగలిగిన ఆ ఉక్కు కత్తి గాలిలో బుసకొడుతూ తిరుగుతుంటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. అందుకే కేరళలోనైనా, హైదరాబాదులోనైనా గురువును వెతుక్కునేవాళ్లను నేను ముందు ఈ ఒక్క మాట అడగమంటాను: ఉరుమి ఎప్పుడు చేతికిస్తారు? మొదటి నెలలోనే ఇస్తామంటే లేచి వచ్చేయండి.

ఉత్తర కేరళ పద్ధతిలో చదువుకు ఒక వరస ఉంది. మొదట మెయ్‌తారి, అంటే ఒంటి సాధన. కాలు తలదాకా ఎగరేయాలి, ఏనుగులా, సింహంలా, పందిలా, పాములా ఒదిగి నిలవాలి, అక్కడినుంచి ఒక్క ఉదుటున లేవాలి. గురుక్కళ్ (గురువు) నోటి ఆజ్ఞలైన వాయ్‌తారి చెబుతుంటే ఒళ్లు ఆ మాట వెంటే కదలాలి. నెలల తరబడి ఇదే పని. విసుగు పుడుతుంది, నిజమే. కానీ అంత కిందికి కూర్చుని లేచేటప్పుడు మోకాలు పాదం వైపు కాక లోపలికి వాలితే కీలు దెబ్బతింటుంది. ఆ తప్పు చూసి సాధన ఆపించి సరిచేసే గురువా, లెక్క పూర్తయితే చాలనుకునే గురువా అన్నది ఒక్క పూట కూర్చుని చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత కోల్‌తారి: పొడుగు కర్ర, మూడు జానల పొట్టికర్ర, వంపు తిరిగిన ఒట్ట. అది వంటబట్టాకే అంకత్తారి, అంటే ఇనుప ఆయుధాలు. ఉరుమి వాటిలోనూ చివరిది, ఎందుకంటే అదుపు తప్పితే అది ముందు కోసేది తిప్పేవాణ్నే. అన్నిటికన్నా ఆఖరున వట్టిచేతుల పోరు. కరాటే చూసినవాళ్లకు ఇది తలకిందులుగా తోస్తుంది. వట్టిచేతుల విద్య మర్మస్థానాలతో ముడిపడింది కాబట్టి శిష్యుడి కోపతాపాలు ఏళ్లతరబడి చూశాక గానీ గురువు అది చెప్పడు. దక్షిణ పద్ధతిలో ఈ వరస వేరు, అక్కడ వట్టిచేతుల పోరు ముందే రావచ్చు.

మర్మం తెలిసిన గురుక్కళ్‌కు వైద్యమూ తెలిసి ఉండాలి. వానాకాలంలో, కర్కాటక మాసంలో, తాళ్లు పట్టుకుని పాదాలతో నూనె మర్దన చేసే ఉళిచ్చిల్ ఈ చదువులో భాగమే. దెబ్బ తగిలితే ఏం చేస్తారని అడగండి. ఏది తాను చూస్తాడో, దేనికి ఆసుపత్రికి పంపుతాడో విడమరిచి చెప్పేవాడిని నమ్మొచ్చు. పిల్లల సాధననూ మర్దననూ తల్లిదండ్రులు దగ్గర కూర్చుని చూస్తామంటే ఒప్పుకోని చోటికి మాత్రం పిల్లల్ని పంపకండి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

నలభై రెండు అడుగుల పొడవు, ఇరవై ఒక్క అడుగుల వెడల్పున తవ్విన మట్టి కలరి (సాధనశాల), నైరుతి మూల ఏడు మెట్ల పూజావేదిక పూత్తర ఉంటే సంతోషమే. నగరంలో సిమెంటు హాల్లో నేర్పినంత మాత్రాన గురువు తక్కువవాడు కాడు. ఫీజు తీసుకోవడమూ తప్పు కాదు. వడకరలో ఏడేళ్ల వయసులో ఈ విద్య మొదలుపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్న మీనాక్షి అమ్మ కలరిలో మాత్రం ఇంతని రుసుము లేదు, ఇచ్చుకున్నదే గురుదక్షిణ.

ఎవరి దగ్గర నేర్చుకున్నారని కూడా అడగండి. ఈ విద్యను గత శతాబ్దంలో మళ్లీ నిలబెట్టిన సి.వి. నారాయణన్ నాయర్, తన గురువు కొట్టక్కల్ కణారన్ గురుక్కళ్ అని చెప్పుకున్నవారే. అయితే గొప్ప పరంపర పేరొక్కటే సరిపోదు. తెల్లవారుజామున వెళ్లి పాత శిష్యుల్ని చూడండి. కత్తి దాకా చేరినవాళ్లు ఇంకా వస్తూ, కొత్త పిల్లల పక్కన నిలబడి మెయ్‌తారితోనే రోజు మొదలుపెడుతుంటే అక్కడ చేరిపోవచ్చు.