డ్రాప్ చెప్పే ధైర్యం

జమ్మలమడుగు వైపు పెండ్లిండ్లలో తెల్లవార్లూ సాగే పదమూడు ముక్కలాటలో, అంటే రమ్మీలో, నాకు అబ్బురమనిపించేది, ముక్కలు చూసీ చూడగానే మూసేసి డ్రాప్ అనే మనిషి. 101 పాయింట్లు చేరినవాడు అవుటయ్యే 101 పూల్‌లో మొదట్లోనే తప్పుకుంటే 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, చివరిదాకా ఉండి ఓడితే 80 దాకా పడుతుంది. చేతిలో జోకర్ లేదు, ప్యూర్ సీక్వెన్స్‌కు (జోకర్ సాయం లేని ఒకే రంగు వరుసకు) రెండు ముక్కలైనా కలవలేదు. అట్లాంటప్పుడు ఆశ చంపుకొని 20తో బయటపడాలంటే నిబ్బరం కావాల.

స్కోరు 80 దాటితే ఆ దారీ మూసుకుపోతుంది. 81కి 20 కలిస్తే 101, అవుట్. ఎంత చెత్త ముక్కలొచ్చినా ఆడాల్సిందే. అప్పుడు నేర్పరి రాజు, రాణి లాంటి పది పాయింట్ల ముక్కలు ముందే దించేస్తాడు, ఎదుటివాడు ఏది ఎత్తుకున్నాడో మరిచిపోడు. పోకర్ టోర్నమెంట్‌లో చిప్స్ అడుగంటినవాడు తెగించే ఘడియ ఇట్లాంటిదే.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించింది. డబ్బాట కొంపలు ముంచడం చూసినవాళ్లం, మంచి పనే.

గండికోట చూడవచ్చిన చుట్టాలు రాత్రికి ఉండిపోతే మేం పైసా పెట్టకుండా పాయింట్లకే ఆట వేస్తాం. మా మామ 84 మీద ఉండి కూడా వరుసగా షో కొట్టి గెలవడం చూశాను.