రాళ్ళబాట మీద రాజసం
మార్కాపురం పలకరాయి పొరలు పొరలుగా నున్నగా విడుతుంది. ఉత్తర ఫ్రాన్సులో పారిస్–రూబే సైకిలు పందెం సాగే రాళ్ళబాట అలాంటిది కాదు, పళ్ళు కదిలిపోవలసిందే! 1976 నాటి ఆ పందేన్ని డెన్మార్కు దర్శకుడు యోర్గెన్ లెత్ ‘ఎ సండే ఇన్ హెల్’ పేరుతో సినిమా తీశాడు. మెర్క్స్, డి వ్లామింక్ అప్పటికే చెరి మూడుసార్లు గెలిచిన ఉద్దండులు. ఆ ఏడు గెలుపు మాత్రం డెమెయర్ తన్నుకుపోయాడనుకోండి. అయినా డి వ్లామింక్‌నే చూడబుద్ధవుతుంది. బృందగానం హంగు నాకు కొంచెం ఎక్కువే అనిపించింది. అసలు సినిమా అతని నడుములో ఉంది. కింద చక్రం ఎగిరెగిరి పడుతున్నా, నెత్తిన బిందె తొణకనివ్వని ఇల్లాలిలా, పైన మనిషి కదలడు. గిద్దలూరు పల్లెల్లో కంకరరోడ్డు మీద, చుక్క ఒలక్కుండా పాలక్యాను మోసుకొచ్చే సైకిలువాణ్ణి అడగండి, అదెంత పనో చెబుతాడు.