ఏడో గడి

పురుటికి పుట్టింటికెళ్లిన అమ్మాయి నెలల బిడ్డతో అత్తవారింటికి తిరిగొస్తే, మన జనగణన ఆ పసిగుడ్డును కూడా వలసదారుగానే రాసుకుంటుంది. 2001లో ఇలాంటివాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక గడి చేర్చారు. అదే జనగణనలో ఇంకో గడి కొట్టేశారు. 1991లో వలస కారణాల్లో ఉన్న ‘ప్రకృతి వైపరీత్యాలు’ అన్న గడి అది. 2011లోనూ అది తిరిగి రాలేదు. ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టాక తరలిరావడం, ఇంటిల్లిపాదితో తరలిరావడం, ఆఖరికి ఏడో గడి: ఇతరములు. కరకట్ట తెగి ఇల్లు ఏట్లో కలిసినవాడు ఈ ఏడో గడిలోకి పోవాలి. అదీ ఆ సంగతి నోరు తెరిచి చెబితే.

చెప్పడు. కోల్‌కతాలో వలసల మీద పనిచేసేవాళ్ల మధ్య తిరుగుతూ, కుర్ర పరిశోధకులకు ఊళ్లలో మాట కలపడం నేర్పుతూ నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఇది. వాతావరణం మారింది కాబట్టి ఊరొదిలానని ఏ మనిషీ అనడు.

తెల్లవారకముందే క్యానింగ్ లోకల్ ఎక్కి ఢాకూరియా, బాలీగంజ్, జాదవ్‌పూర్ ఇళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లతో సియాల్దా దక్షిణ లైను కిటకిటలాడుతుంది. మా వీధిలో పనిచేసే మాసీని (పనికొచ్చే పెద్దామెను ఇక్కడ అలాగే పిలుస్తారు) ఊరెందుకు వదిలారని అడిగితే, కూతురి పెళ్లి అప్పు అంది. ఇంకోసారి, మా ఆయన కేరళ వెళ్లాక ఒక్కదాన్నీ ఉండలేకపోయానంది. మరెప్పుడో చేపల ధర గురించి మాట్లాడుకుంటుంటే, మా చెరువులో ఉప్పునీళ్లు పడి చేపలన్నీ చచ్చి తేలాయి, ఆ తర్వాత పొలంలో గింజ మొలవలేదు అని చెప్పుకొచ్చింది. అది 2009 మే 25న విరుచుకుపడ్డ ఐలా తుఫాను నాటి మాట. పొలం చౌడుబారింది, పంట లేక మగమనిషి కేరళ బండెక్కాడు, అతను అక్కడుండగానే పిల్లకు సంబంధం కుదిరింది, అప్పయింది. ఇందులో ఏది కారణమని అడిగితే ఏం చెబుతుంది పాపం? మన ఫారంలో మాత్రం ఒక్క టిక్కుకే చోటు.

ఆ ఒక్క టిక్కు కోసం తొందరపడే పరిశోధన ఎప్పుడూ తాను వెంట తెచ్చుకున్న జవాబుతోనే ఇంటికి తిరిగొస్తుంది. ‘తుఫాను వల్లే కదా వచ్చేశారు?’ అని అడిగి చూడండి, అవుననే అంటారు. మర్యాద తెలిసినవాళ్లు కదా.

వాళ్లు వదిలొచ్చిన సుందర్‌బన్ దీవుల సంగతి కొలవలేమని కాదు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ సముద్ర అధ్యయన విభాగానికి చెందిన సుగత హజ్రా బృందం ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి, హుగ్లీ నది ముఖద్వారంలో లోహాచర ఎలా మాయమైందో, ఘోరామారా ఎలా అరిగిపోతోందో చూపించింది. 1970 భోలా తుఫాను తర్వాత బంగాళాఖాతంలో తేలిన న్యూమూర్ దీవిని భారత్, బంగ్లాదేశ్ నాదంటే నాదని దశాబ్దాల పాటు తగువులాడుకున్నాయి. అది నీళ్లలో కలిసిపోయిందని 2010లో చెప్పింది కూడా హజ్రాయే. సముద్రం తీర్పు మీద అప్పీలు లేదు.

కానీ పైనుంచి తీసిన బొమ్మలో మనిషి ఉండడు. ఘోరామారా నుంచి చాలా కుటుంబాలు పక్కనున్న సాగర్ దీవికి చేరాయి. వాళ్లు కనీసం ఏదో లెక్కలోకి వస్తారు. ఒడ్డు విరిగిన ప్రతిసారీ ఇల్లు ఊడదీసి అదే ఊళ్లో ఇంకాస్త లోపలికి జరిపి కట్టుకున్నవాళ్లు ఏ లెక్కలోకీ రారు. ఊరి పొలిమేర దాటితేనే జనగణనకు వలస.

ఈ వెలితిని నాకు తెలిసినంతలో అందరికంటే బాగా పూరించిన పుస్తకం అను జాలే రాసిన ‘ఫారెస్ట్ ఆఫ్ టైగర్స్’. 2010లో వచ్చింది. ఆవిడ మానవ శాస్త్రవేత్త, తర్వాత మన శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పారు. సుందర్‌బన్ దీవుల్లో కాపురముండి, రొయ్యపిల్లలు పట్టే ఆడవాళ్లతో, పీతలకూ తేనెకూ అడవిలోకి పోయేవాళ్లతో కలిసి బతికి రాసిన పుస్తకం అది. ఆవిడ వలస గురించి అడిగితే దీవి జనం పులి గురించి చెప్పారు. ఈ పులులూ మాలాగే ఎక్కడినుంచో చెదిరి వచ్చినవే, ఈ ఉప్పునీళ్ల బతుకే వాటికి ఇంత కోపం తెప్పించింది అన్నారు. వాళ్లు కొలిచే బోన్‌బీబీ కూడా మదీనా నుంచి వచ్చిందని ఆమె కథ. హిందువులూ ముస్లింలూ ఆమెకే మొక్కి, వట్టి చేతులతో, శుద్ధమైన మనసుతో అడవిలో అడుగు పెడతారు. దేవత వలస, పులి వలస, మనిషి వలస. ముందొచ్చినవాడిదే ఊరన్న వాదన అక్కడ నిలబడేది కాదు.

అదే జనం ఇంకో మాట కూడా చెప్పారు: మరీచ్‌ఝాపీ తర్వాతే పులికి గర్వం పెరిగిందని. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులను, ఎక్కువగా నామశూద్ర దళితులను, అప్పట్లో దండకారణ్యానికి తోలారు. దండకారణ్యం మనకేమీ దూరం కాదు, మల్కన్‌గిరి మన చింతూరుకు పొరుగే. ఆ శరణార్థుల్లో కొందరిని కాగజ్‌నగర్ దగ్గర ఈజ్‌గాంలోనూ స్థిరపరిచారు, వాళ్ల పిల్లలూ మనవలూ ఇప్పుడు తెలంగాణ ఓటర్లు. దండకారణ్యంలో ఇచ్చిన రాతినేలను కాదనుకుని వేల కుటుంబాలు 1978లో బెంగాల్‌కు తిరిగొచ్చి, బురదా ఆటుపోట్లూ ఉన్న మరీచ్‌ఝాపీ దీవిలో పాకలు వేసుకున్నాయి. రాళ్లు వద్దని బురద కోరుకున్నారంటే తమ నేల ఏదో వాళ్లకు తెలుసు. అది పులుల అడవి, ఖాళీ చెయ్యాలంది లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వం. 1979 జనవరిలో దీవికి తిండి, నీళ్లు అందకుండా దిగ్బంధం చేసి, కాల్పులు జరిపి, మే నెలలో వెళ్లగొట్టింది. ఎందరు పోయారన్నది ఈనాటికీ తగువే. పులి పౌరుడైంది, మనిషి దానికి మేతయ్యాడు అన్న ఆ జనం గోడునే జాలే 2005లో ఒక వ్యాసానికి శీర్షికగా చేసుకున్నారు.

అందుకే సుందర్‌బన్‌లో ప్రతి కష్టాన్నీ వాతావరణం ఖాతాలో రాసేసే కొత్త ఫ్యాషన్ నాకు నచ్చదు. సముద్రం పైకొస్తున్న మాట నిజం. అక్కడి దీవులను కాపాడేది సుమారు 3,500 కిలోమీటర్ల కట్ట అన్నదీ నిజమే. ఐలా తర్వాత ఆ కట్టను గట్టిగా తిరిగి కట్టాలనుకున్న పథకంలో చాలా భాగం భూసేకరణ దగ్గరే చతికిలపడింది. 2020 మేలో అంఫన్, 2021 మేలో యాస్ తుఫాన్లు వచ్చి ఆ మట్టికట్టలనే మళ్లీ తెంచాయి. తెగిన కట్టకు ఇంజనీరు ఉంటాడు, కాంట్రాక్టరు ఉంటాడు, మంత్రి ఉంటాడు. తప్పంతా వాతావరణానిదే అంటే ముగ్గురూ హాయిగా నిద్రపోతారు. హెచ్చరికలను పెడచెవిన పెట్టడమూ ఇక్కడ కొత్త కాదు. 1789లో మన కోరంగిని ముంచిన తుఫానును కలకత్తాలో కూర్చుని అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్, క్యానింగ్ దగ్గర ఓడరేవు కట్టొద్దని 1853లోనే గవర్నర్ జనరల్‌కు రాశాడు. కట్టారు. 1867 తుఫానులో పోయింది.

ఆ ఉప్పునీటి తడి ఇప్పుడు మన మడి దాకా వచ్చింది. తెలంగాణ పల్లెల్లో ఎకరాకింతని గుత్త మాట్లాడుకుని బెంగాల్ కుర్రాళ్లు వరినాట్లు వెయ్యడం మామూలైపోయింది. భలే వేగంగా వేస్తారని రైతులు మెచ్చుకుంటారు. ఊళ్లో పనెందుకు లేకుండా పోయిందని ఆరా తీసేవాళ్లు తక్కువ. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే బండి అది. మృతుల్లో సుందర్‌బన్‌లోని బాసంతి ప్రాంతం నుంచి కూలికి బయల్దేరిన ఒకే ఇంటి ముగ్గురు అన్నదమ్ములున్నారు.

పరిశోధనకు అంశం వెతుక్కుంటున్న మన విద్యార్థులకు నాదో విన్నపం. సుందర్‌బన్ దాకా రానక్కర్లేదు. కాకినాడ పక్కన ఉప్పాడకు వెళ్లండి, తుఫాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు కోసుకుపోయే చోటు అది. మత్స్యకారుల పేటలో ఓ ఇల్లు అద్దెకు తీసుకుని ఉండండి. కొన్నాళ్ల పాటు ప్రశ్నాపత్రం సంచిలోంచి బయటికి తీయకండి. ఊరొదిలినవాళ్ల చిరునామాలు తర్వాత వెతకొచ్చు. ఇంకా అక్కడే ఉన్నవాళ్లు ఇల్లు ఎన్నిసార్లు వెనక్కి జరిపి కట్టుకున్నారో ముందు అది రాసుకురండి.