మిస్సమ్మ: అరువు తెచ్చుకొన్న మాటలు

మా తరగతులకు వచ్చే విద్యార్థులలో చాలామందికి తెలుగు ఇంటి మాటేగాని బడి మాట కాదు. హోసూరు నుంచి వచ్చినవారి తెలుగులో తమిళ కన్నడాలు కలిసివుంటాయి. బరంపురం నుంచి వచ్చినవారి తెలుగులో ఒడియా పలుకుతుంది. ఇటువంటివారి చేతికి వాచకం ఇవ్వడానికి ముందు ఒక పాత చలనచిత్రం చూపించడం కొన్నేళ్ళుగా మాకు అలవాటయింది. అది విజయావారి ‘మిస్సమ్మ’. 1955 జనవరిలో విడుదలైన ఆ చిత్రానికి 2025 జనవరితో డెబ్బయ్యేళ్ళు నిండాయి. నలుపు తెలుపు బొమ్మ అనగానే మొహం చిట్లించే పిల్లలు అరగంట గడిచేసరికి నవ్వడం మొదలుపెడతారు. పాటలు వచ్చేసరికి తలలూపుతారు.

ఒకసారి చిత్రం ముగిసి దీపాలు వెలిగించగానే ఒక విద్యార్థిని లేచి, “మేరీ మేరీగానే మిగిలిపోయివుంటే ఈ పెళ్ళి జరిగేదా?” అని అడిగింది. అప్పుడు మేము ఏదో చెప్పి తప్పించుకొన్నామేగాని సరైన సమాధానం ఇవ్వలేకపోయాము. ఈ చిత్రం ఇంతకాలం ఎందుకు నిలిచిందనే విషయాన్ని ఆ ప్రశ్న పక్కన పెట్టుకొని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కథ చిన్నది. అప్పాపురం జమీందారు గోపాలం తాను నడిపే పాఠశాలకు ఉపాధ్యాయులు కావాలని ప్రకటన వేయిస్తాడు. భార్యాభర్తలై ఉండాలి, ఇద్దరూ పట్టభద్రులై ఉండాలి అన్నది షరతు. రావు, మేరీ ఇద్దరూ పట్టభద్రులే. ఇద్దరికీ ఉద్యోగం లేదు. ఒకరికొకరు ఏమీ కారు. అతడు హిందువు, ఆమె క్రైస్తవురాలు. మేరీ తండ్రి డేవిడ్ అనేవాడికి బాకీపడ్డాడు. ఆ బాకీని అడ్డం పెట్టుకొని మేరీని పెళ్ళాడాలని డేవిడ్ చూస్తుంటాడు. వేరే దారిలేక రావు, మేరీ దంపతులుగా నటిస్తూ అప్పాపురం చేరుతారు. జమీందారు దంపతులకు చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు ఒకతె ఉంది, పేరు మహాలక్ష్మి. ఆ మహాలక్ష్మే మేరీ అని చివరకు ఒక పుట్టుమచ్చ తేలుస్తుంది. నాటకంలోని పెళ్ళి నిజం పెళ్ళి అవుతుంది.

ఈ కథ తెలుగునాట పుట్టినది కాదు. రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీలో రాసిన ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ అనే హాస్య రచన దీనికి మూలం. బెంగాలీలో అది 1935లోనే చిత్రంగా వచ్చింది. శరత్ నవలలను తెనిగించిన తెనాలి రచయిత చక్రపాణి దానిని తెలుగు తెరకు మలిచారు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు, దర్శకత్వం ఎల్.వి. ప్రసాద్, సంగీతం సాలూరు రాజేశ్వరరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే. నిర్మాణం మద్రాసులో జరిగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు అందులో చేరలేదన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కథ బెంగాలీది. చిత్రించినవాడు ఆంగ్లో ఇండియన్. మేరీకి పాడిన పి. లీల కేరళకు చెందిన గాయని. తీసిన ఊరు ఆంధ్ర రాష్ట్రానికి వెలుపలిది. అయినా తెలుగుదనానికి ఉదాహరణ చెప్పమంటే చాలామంది మొదట తలచుకొనే చిత్రాలలో ఇదొకటి. తెలుగుదేశపు ఎల్లలకు బయట తెలుగు చదువుకొనే మనకు ఇందులో కొంత ధైర్యం ఉంది.

ఇక పేరు సంగతి. ‘మిస్’ అన్న ఇంగ్లీషు మాటకు ‘అమ్మ’ చేర్చి తెలుగువారు చేసుకొన్న పదం మిస్సమ్మ. మిషను బడులలో పాఠం చెప్పే స్త్రీలను అలా పిలిచేవారు. మొదటి సగం ఆమె అవివాహిత అని చెబుతుంది, బయటినుంచి వచ్చినది అని కూడా చెబుతుంది. రెండవ సగం ఆమెను మనింటి మనిషిని చేసుకొంటుంది. అవివాహిత ఇల్లాలుగా నటించడం, పరాయి ఇంటి పిల్ల ఆ ఇంటి బిడ్డే కావడం అనే కథలోని రెండు మలుపులూ ఆ ఒక్క పదంలో ఇమిడివున్నాయి. పేరు పెట్టడంలో ఇంత పొదుపు అరుదు.

చిత్రంలో హాస్యం ఎక్కడ పుడుతుందో ఇప్పుడు చూద్దాం. మామూలు ప్రేమకథలో ముందు మనసు కలుస్తుంది, తరువాత మాట వస్తుంది, ఆపైన పెళ్ళి. ‘మిస్సమ్మ’లో ఈ వరుస తలకిందులయింది. నలుగురికోసం మొదటిరోజే ఆలుమగల వ్యవహారం నడపాలి. ఒకరినొకరు పిలుచుకొనే పిలుపు, ఎదుట నిలబడే తీరు, అలక, తీర్పు, అన్నీ ఆలుమగలవే కావాలి. మనసు మాత్రం ఇంకా ఆ చుట్టుపక్కలకు రాలేదు. నలుగురి ఎదుట ఇల్లాలుగా కనిపించిన స్త్రీ తలుపు మూయగానే మిస్ మేరీ అయి కస్సుమంటుంది. తెలుగులో ‘మీరు’కు, ‘నువ్వు’కు నడుమ ఎంత దూరం ఉందో, ‘అండీ’ అన్న చిన్న ముక్కలో ఎంత మర్యాద, ఎంత చనువు, ఎంత ఎత్తిపొడుపు ఇమడగలవో వ్యాకరణ పుస్తకం చెప్పలేదు. వాటి బరువు ఈ చిత్రంలో చెవికి అందుతుంది. పరభాషల మధ్య పెరిగిన మన విద్యార్థులకు ఈ అవస్థ కొత్తది కాదు. వారికీ గ్రంథాలలోని తెలుగు మొదట అరువు తెచ్చుకొన్న మాటే. అంటూ అంటూ ఉండగా ఏనాడో ఒకనాడు అది సొంతమవుతుంది. మేరీకి కూడా అదే జరిగింది. భార్య పలికే మాటలు పలుకుతూ పలుకుతూ, తనకు తెలియకుండానే వాటి అర్థంలోకి వెళ్ళిపోయింది. మా అభిప్రాయంలో ఈ చిత్రానికి తరగని ఆకర్షణ ఇక్కడే ఉంది.

ఇందుకు చందమామ పాట మంచి నిదర్శనం. వెన్నెల, ఇంటి ఆవరణ, యువతీయువకులు, అన్నీ యుగళగీతానికి కావలసిన సరంజామాయే. వెన్నెలను తెరమీదికి దించడంలో బార్ట్లేకు ఉన్న పేరు అందరికీ తెలిసినదే. అయితే పాటలో ప్రేమ ప్రకటన లేదు. ఇద్దరూ చంద్రుడిని మధ్యవర్తిగా పిలిచి ఒకరిమీద ఒకరు ఫిర్యాదు చేసుకొంటారు. అతడు ఆలిని గురించి, ఆమె మగనిని గురించి. నిజానికి అతడికి ఆలి లేదు, ఆమెకు మగడు లేడు. లేని సంబంధం మీద ఇంత ఫిర్యాదు చేయగలిగారంటే ఆ సంబంధం అప్పటికే వారిలో మొలకెత్తిందని ప్రేక్షకుడికి తెలుస్తుంది. ఆ సంగతి పాడేవారికి మాత్రం ఇంకా తెలియదు. ప్రేక్షకుడు పాత్రలకంటె ఒక అడుగు ముందుండడం హాస్యానికి ప్రాణం. ఇక్కడ అదే శృంగారానికి కూడా ఊపిరి పోసింది. ఎ.ఎం. రాజా, లీల ఆ పాటను గొంతు పెంచకుండా పాడారు. ఫిర్యాదు మాటల్లో ఉంటే, లాలన స్వరంలో ఉంది.

మరొకచోట మేరీ సీతకు పాటలో హితవు చెబుతుంది. ఆ తరువాత రావు అదే వరుసలో ఆమెకు బదులు చెబుతాడు. సంగీతం ఒకటే, వాదం రెండు. సంవాదాన్ని ఇలా పాటగా నడపడం పింగళి, సాలూరి ఇద్దరూ కలిసి సాధించిన పని. సీతకు రావు సంగీతం నేర్పుతుంటే మేరీలో రగిలిన అసూయ కూడా అంతే. తనకు ఏమీకాని మనిషి ఎవరికి ఏమి నేర్పితే ఆమెకేం? ఆ కోపం వచ్చిన రోజే నాటకం ముగిసి బ్రతుకు మొదలైంది. సావిత్రి ముఖంలో ఆ కోపం మొదట గర్వంగా, తరువాత ఉక్రోషంగా, ఆ తరువాత దిగులుగా మారడాన్ని విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. ఈ పాత్రకు మొదట అనుకొన్న నటి భానుమతి. సావిత్రికి ఇవ్వదలచినది సీత పాత్ర. భానుమతి తప్పుకోవడంతో మేరీ పాత్ర సావిత్రికీ, సీత పాత్ర జమునకూ వచ్చాయి.

చుట్టూవున్న పాత్రలలో ప్రతి ఒక్కటీ ఈ నటనను ఒక్కొక్క వైపునుంచి నెడుతుంది. ఎస్.వి. రంగారావు, ఋష్యేంద్రమణి పోషించిన జమీందారు దంపతులకు కపటం తెలియదు. వారి వాత్సల్యం పెరిగేకొద్దీ అబద్ధం చెప్పేవారికి ఇరుకు పెరుగుతుంది. అక్కినేని పోషించిన రాజు తనను తాను గొప్ప అపరాధ పరిశోధకుడిననుకొంటాడు. ‘దేవదాసు’ (1953) తరువాత ఆ నటుడు ఇటువంటి హాస్యపాత్రకు ఒప్పుకొనడం విశేషమే. దేవయ్యగా రేలంగి గుట్టు తెలిసినవాడు. డబ్బుకు ‘తైలం’ అన్న పేరు ఈ చిత్రంతోనే జనం నోట పడింది. బండి కదలాలంటే ఇరుసుకు నూనె పడాలి, మనిషి కదలాలంటే చేతిలో డబ్బు పడాలి. ఈ పోలికను విడమర్చి చెప్పకుండా ఒక్క పదంలో పెట్టడం పింగళికే చెల్లింది. ఇక్కడి పాటలలో ఒకదాని పల్లవి 2007లో మరొక చిత్రానికి పేరయింది. ‘మిస్సమ్మ’ అన్న పేరుతోనే 2003లో ఇంకొక చిత్రం వచ్చింది. యాభయ్యేళ్ళ తరువాత కూడా అరువు అడగదగిన మాటలు ఈ చిత్రం దగ్గర ఉన్నాయన్నమాట.

ఇక లోపాలు. విమర్శ చేసేవాడు ఇష్టమైన చిత్రం దగ్గర కళ్ళు మూసుకోరాదు. జమీందారీ రద్దు చట్టం మద్రాసు రాష్ట్రంలో 1948లోనే వచ్చింది. అప్పాపురంలో దాని జాడ లేదు. ఊరు, బడి, పెద్దమనిషి దయ, అన్నీ పాతకాలపు నీడలోనే ఉన్నాయి. ఇంతకంటె పెద్దది మా విద్యార్థిని అడిగిన ప్రశ్న. మతాలు వేరైన ఇద్దరిని ఒక ఇంట్లో పెట్టి, వారి మధ్య ప్రేమ పుట్టించి, తీరా ముడి బిగిసే వేళకు ఆమె పుట్టుకతో హిందువేనని చిత్రం తేల్చేసింది. దానితో జమీందారుగాని, అతని భార్యగాని, చూసేవారుగాని తమ మనసును పరీక్షించుకోవలసిన అవసరం తప్పిపోయింది. కడుపున పుట్టకపోయినా మేరీని కూతురిగా పెంచి చదువు చెప్పించిన క్రైస్తవ దంపతుల పెంపకాన్ని పుట్టుమచ్చ ఒక్క క్షణంలో వెనక్కి నెట్టింది. మతం మార్చుకోకుండానే వివాహమాడడానికి వీలిచ్చే ప్రత్యేక వివాహ చట్టం 1955 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ‘మిస్సమ్మ’ వచ్చినది ఆ నెలలోనే. చట్టం తెరిచిన తలుపు దాకా వచ్చి, చిత్రం పక్కదారిన ఇంట్లోకి వెళ్ళింది. ఆనాటి ప్రేక్షకులను నొప్పించకూడదన్న జాగ్రత్త ఇందులో ఉండవచ్చు. జాగ్రత్తను అర్థం చేసుకోవచ్చు, మెచ్చుకోనక్కరలేదు.

అయితే ఒక్క విషయం. మేరీ మనసు మారినది పుట్టుమచ్చ బయటపడిన తరువాత కాదు. అప్పటికి ఆమె ఇంకా మేరీయే. కష్టం వచ్చినప్పుడు మేరీమాతకు మొరపెట్టుకొనే అమ్మాయే. ఆ అమ్మాయే రావును కోరుకొన్నది. రావు కూడా మేరీనే కోరుకొన్నాడు, మహాలక్ష్మిని కాదు. పుట్టుమచ్చ అవసరం ఆ ఇద్దరికీ లేదు, చుట్టూవున్న పెద్దలకే ఉంది. చిత్రాన్ని చివరి పది నిమిషాలు చూడకుండా ఆపివేసినా ప్రేమకథ పూర్తయినట్లే. కనుకనే జనం ఈ చిత్రాన్ని తలచుకొన్నప్పుడు పుట్టుమచ్చను తలచుకోరు. వెన్నెలను, పోట్లాటను, సంగీత పాఠాన్ని తలచుకొంటారు. కథ ముగింపు వెనుకాడిన చోట ప్రేక్షకుల జ్ఞాపకం వెనుకాడలేదు. మా విద్యార్థినికి ఇన్నాళ్ళకు మేము చెప్పగలిగిన సమాధానం ఇది. పెళ్ళి జరిగేదో లేదో చెప్పలేము. ప్రేమ మాత్రం అప్పటికే జరిగిపోయింది. ఈ సమాధానం ఆమెకు చాలకపోవచ్చు. పెళ్ళి జరగడమే ముఖ్యమని ఆమె అంటే, ఆ మాటకూ మా దగ్గర బదులు లేదు.

తమిళనాట చదువుకొనే విద్యార్థులకు చివరగా ఒక సూచన. ఈ చిత్రాన్ని ఏకకాలంలో తమిళంలో ‘మిస్సియమ్మ’గా తీశారు. సావిత్రి, జమున, రంగారావు రెండింటిలోనూ ఉన్నారు. రావు పాత్రను జెమినీ గణేశన్, పరిశోధకుడి పాత్రను తంగవేలు పోషించారు. పాటలు రాసినవారు తంజై రామయ్యదాసు. చందమామ పాట వరుస, పాడిన గొంతులు రెండు భాషలలోనూ అవే. రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టుకొని, మేరీ నలుగురి ఎదుట ఎలా మాట్లాడింది, ఒంటరిగా ఎలా మాట్లాడింది అన్నది మాత్రం రాసుకోండి. తెలుగు ‘అండీ’ ఉన్నచోట తమిళం ఏమి చేసిందో చూడండి. భర్తృహరిని తెనిగించిన కవులను పోల్చి చదివినట్లే దీనినీ పోల్చి చదవవచ్చు. రెండు భాషల ఇంట్లో పెరిగినవారికి ఈ పని ఇతరులకంటె బాగా చేతనవుతుంది. అటువంటి వ్యాసాలు వస్తే ఈ పత్రికలో ప్రకటించడానికి మేము సంతోషంతో సిద్ధంగా ఉన్నాము.