రేవు కథలో ప్రతినాయకుడెవరు?

విశాఖ రేవు మన కథల్లోకి రాకపోలేదు. కాని వచ్చినప్పుడల్లా తెర వెనక బొమ్మగానే వచ్చింది. దూరాన ఓడకూత, డాల్ఫిన్స్ నోస్ మీద దీపం, సారాకొట్టు ముందు తూలుతున్న కలాసీ. అక్కడితో వస్తువు తీరిపోతుంది. సరుకు ఎవరు దించుతున్నారు, ఏ ఒప్పందం మీద దించుతున్నారు, టన్నుకి వచ్చిన రూపాయి ఎవరెవరి మధ్య చీలుతోంది అన్న ప్రశ్నలు కథలోకి వస్తే అది వ్యాసమైపోతుందని మనకొక భయం. ఆ భయంతోనే నేనొక తప్పుడు తీర్పు చెప్పాను. దాన్ని దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ఆమధ్య ఒక కథాపఠన గోష్ఠిలో నా పూర్వ విద్యార్థి ఒక కథ చదివాడు. వాళ్ళ నాన్న పోర్టులో పర్మనెంటు కార్మికుడుగా రిటైరయ్యాడు. వీడు అదే రేవులో ఒక ప్రైవేటు టెర్మినల్లో కాంట్రాక్టు మీద టాలీ గుమాస్తా. కథలో తండ్రీ కొడుకులూ వాళ్ళిద్దరే. రాత్రి షిఫ్టులో కొడుకు చెయ్యి నలిగింది. ఇంటికొచ్చాక తండ్రి అడుగుతాడు: “ఎవులికి సెప్పినావురా?” కొడుకంటాడు: “ఎవులున్నారు నానా, సెప్పడానికి?”

ఆ తర్వాత రెండు పేజీలు టెర్మినల్ మేనేజరు గదిలో జరుగుతాయి. ఆయన దుర్మార్గుడు కాడు. ఏడాదికి దింపి తీరాల్సిన కనీస సరుకు లెక్క ముందు పెట్టుకుని చెమటలు కక్కుతున్న మనిషి. పోర్టుకి కట్టాల్సిన వాటా, పక్క రేవుకి మళ్ళిపోయిన బొగ్గు ఓడ, పెంచడానికి వీల్లేని రేటు, అన్నీ ఆ రెండు పేజీల్లో ఉన్నాయి. నేను లేచి, “సాంకేతిక వివరాలు శిల్పాన్ని తినేశాయి, ప్రతినాయకుడు స్పష్టం కాలేదు, ఆ రెండు పేజీలూ తీసెయ్యి” అన్నాను. సభ చప్పట్లు కొట్టింది. అబ్బాయి తీసేశాడు.

తర్వాత చట్టాలు తెచ్చుకుని చదివాను. తెలుగు ఎమ్మే చదివినవాడికి చట్టం చదవడం దండకం చదవడం కంటే కష్టమేమీ కాదు. అన్వయం కుదుర్చుకుంటే చాలు.

విశాఖ రేవు 1933లో తెరిచారు. స్వాతంత్ర్యం తర్వాత 1963 చట్టం కింద పెద్ద రేవులు ట్రస్టుల చేతుల్లో నడిచాయి. సరుకు దించేదీ ట్రస్టే, రేటు వేసేదీ ట్రస్టే. 1990ల సంస్కరణలతో బెర్తుల్ని ప్రైవేటు వారికి ముప్ఫయ్యేళ్ళ ఒప్పందాల మీద ఇవ్వడం మొదలైంది. బొంబాయి దగ్గర నవా శేవాలో 1997లో కుదిరిన కంటెయినర్ టెర్మినల్ ఒప్పందం దానికి తొలి పెద్ద ఉదాహరణ. అదే ఏడు రేట్లు నిర్ణయించడానికి టాంప్ అనే సంస్థ వచ్చింది. పోర్టు భూస్వామి అయింది, ఆపరేటరు కౌలుదారు అయ్యాడు. ఈ పోలిక నాది కాదు. ఈ పద్ధతికి ప్రభుత్వ పత్రాల్లో ఉన్న పేరే ‘లాండ్‌లార్డ్ పోర్టు’. మన పల్లెటూరి కథకుడికి దీనికంటే ఎక్కువ చెప్పాలా?

కౌలు ఎంత? టెండర్లో ఎవరు ఎక్కువ వాటా ఇస్తామంటే వాళ్ళదే బెర్తు. ఆ వాటా లాభంలోంచి కాదు, మొత్తం రాబడిలోంచి. పంట పండినా ఎండినా మేర కొలవాల్సిందే. 2003 తర్వాతి ఒప్పందాల్లో ఆ వాటాను ఖర్చుగా చూపించి రేటు పెంచమని అడగడానికి వీల్లేదు. పైన టాంప్ పెట్టిన గరిష్ఠ రేటు, కింద కనీస సరుకు షరతు. గంగవరం, కృష్ణపట్నం లాంటివి రాష్ట్ర ప్రభుత్వం కింది రేవులు, వాటికి టాంప్ లేదు. అంటే విశాఖ రేవు లోపలి ఆపరేటరు చేతులు కట్టుకుని పరుగెడుతుంటే, పక్కనే గంగవరం రేవు చేతులూపుకుంటూ పరుగెత్తింది. ఆ గంగవరంలో రాష్ట్ర ప్రభుత్వానికున్న 10.4 శాతం వాటా కూడా 2021లో అదానీ సంస్థకు అమ్ముడైంది.

ఆపరేటర్ల ఫిర్యాదులో నిజం ఉంది, ఒప్పుకోవాలి. 2018లో కేంద్రం కొత్త ఒప్పంద నమూనాలో రాబడి శాతానికి బదులు టన్నుకింత, కంటెయినర్‌కింత అన్న రాయల్టీ పెట్టింది. 2021 మేజర్ పోర్టు అథారిటీల చట్టం 1963 చట్టాన్ని రద్దు చేసింది, టాంప్‌ను తీసేసింది. ఆ చట్టం తర్వాత ఒప్పందం చేసుకున్నవాడు మార్కెట్టును బట్టి రేటు వేసుకోవచ్చు. అంతకుముందు సంతకం పెట్టినవాడి మెడలో పాత ఒప్పందం అలాగే ఉంది. ఒకే నీళ్ళ మీద ఒకడు బందీ, ఒకడు స్వేచ్ఛాజీవి. అబ్బాయి కథలో మేనేజరు చెమట ఆ పాత సంతకానిది. నేను దాన్ని ‘సాంకేతిక వివరం’ అన్నాను!

ఇక తండ్రి ప్రశ్న. పాత ట్రస్టు బోర్డులో రేవులో పనిచేసే కార్మికుల ప్రతినిధులుండేవారు. 17 నుంచి 19 మంది ఉండే బోర్డును కొత్త చట్టం 11 నుంచి 13కి కుదించింది. కార్మికుల తరపున ఇద్దర్ని ఉంచింది. పైకి చూస్తే నష్టమేం లేదు. కాని అక్కడ మాట మారింది: ఆ ఇద్దరూ ‘పోర్టు అథారిటీ ఉద్యోగుల’ ప్రయోజనాలకు ప్రతినిధులు. టాలీ గుమాస్తా రేవులోనే పనిచేస్తాడు, అథారిటీ ఉద్యోగి మాత్రం కాడు. సరుకు దించే పని బెర్తు వెంబడి బెర్తు ఆపరేటర్లకు పోతున్నకొద్దీ ఆ ఇద్దరు సభ్యుల వెనక ఉండే మనుషులు పలచబడతారు. “ఎవులున్నారు నానా” అన్నది సంభాషణాచాతుర్యం కాదు. చట్టంలో ఒక పదబంధానికి సరైన తెలుగు.

రావిశాస్త్రి గారు ‘ఆరు సారా కథలు’ రాసినప్పుడు మద్యనిషేధ చట్టాన్ని కథ గుమ్మం బయట నిలబెట్టలేదు. పోలీసు, ప్లీడరు, సాక్షి ఎలా బతుకుతున్నారో ఆ చట్టం ద్వారానే చూపించారు. ఆయన ప్లీడరు కాబట్టి సాధ్యమైందని మనం సరిపెట్టుకుంటాం. నా శిష్యుడు టాలీ గుమాస్తా కాబట్టి ఒప్పంద పత్రం అతనికి తెలుసు. తెలిసినవాణ్ణి తెలియని నేను దిద్దాను. అభ్యుదయ విమర్శలో ఈ రోగం కొత్తది కాదు. యజమాని మీసం మెలేస్తేనే మనకు దోపిడి కనిపిస్తుంది. పైవాడి షరతు కిందివాడి షిఫ్టుగా ఎలా మారుతుందో చూపించే కథ మన చేతికొస్తే, వర్గ దృక్పథం బలహీనంగా ఉందంటాం.

కథకు లోపాలు లేవనను. తండ్రిని మరీ మెత్తగా రాశాడు. ట్రస్టు రోజుల్లో కూడా కాంట్రాక్టు హమాలీలు ఉండేవారు. ఆ పర్మనెంటు తండ్రి వాళ్ళని ఎన్నడైనా పలకరించాడా అన్న ప్రశ్న కథ అడగదు. పోయిన కాలమంతా బంగారమన్నట్టు ఒక పేరా ఉంది, అది తీసెయ్యవచ్చు. చివర్లో సముద్రం మీద వర్ణన కూడా ఎక్కువే. ఓడ మీద క్రేను ఆగిపోయిన క్షణాన్ని మాత్రం అనుభవం లేనివాడు రాయలేడు.

మొన్న అతన్ని కలిసి పాత ప్రతి ఉందా అని అడిగాను. “మీరు కొట్టేసిన రెండు పేజీలు మీ దగ్గరే ఉండిపోయాయి మాష్టారూ” అన్నాడు. వెతికితే దొరికాయి. అంచున నా ఎర్రసిరా గీత అలాగే ఉంది. సంపాదకులకు ఈ వ్యాసంతోపాటు వాటిని కూడా పంపుతున్నాను. కథ వేసేటట్టయితే గీత పట్టించుకోకుండా వేయమని మనవి.