ఉల్లిపాయల బస్తాలో లక్షా ముప్పై వేలు

పెళ్లిలో బేరం ఆడని మనిషిని పోయిన వారమే మొదటిసారి చూశాను. చూస్తే వాడు నా మేనల్లుడు, పైగా పెళ్లికొడుకు.

భిలాయిలో మన తెలుగు పెళ్లిళ్ల సంగతి ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? జీలకర్రా బెల్లం మనవి, తలంబ్రాలు మనవి, ఊరేగింపులో చెవులు చిల్లులు పడే ధుమాల్ మేళం మాత్రం ఇక్కడిది. దాంతో పాటు చేరిందే మరదళ్లు పెళ్లికొడుకు బూట్లు దాచేసి డబ్బు గుంజే వేడుక. నా పెళ్లినాటికి ఇది మనవాళ్లకు ఇంకా అంటుకోలేదు. అంటుకున్నా నా దగ్గర ఎత్తుకెళ్లేందుకు హవాయి చెప్పులే ఉండేవి.

పిల్లలు ఐదు వేల నూటపదహార్లతో మొదలెట్టారు. నేను మగపెళ్లివారి పెద్దమనిషి హోదాలో ఐదు వందల ఒకటి దగ్గర కూర్చున్నాను. బేరం రసకందాయంలో పడుతుండగా ఒక గడుగ్గాయి బూటు లోపల బంగారు రంగులో అచ్చేసి ఉన్న పేరును ఫోన్లో వెతికింది. వెతికి, నోరు తెరిచి, పక్కపిల్లకు చూపించింది. ఒక్క నిమిషంలో రేటు పాతిక వేల నూటపదహార్లయింది. నేను కండువా సర్దుకుని వాదనకు దిగేలోపే మావాడు ఫోన్ తీసి కిక్కురుమనకుండా కట్టేశాడు. ముప్పై నాలుగేళ్లు ఇక్కడి ఉక్కు ప్లాంటు రైల్ మిల్లులో చేసి, సుపేలా ఆదివారం బజారులో కొత్తిమీర కట్ట దగ్గర కూడా ఓడిపోని మనిషిని నేను. నా ఎదురుగానే!

"ఎందుకురా ఆ తొందర?" అంటే, "ఇవి పోతే మళ్లీ దొరకవు మామయ్యా" అన్నాడు.

జత లక్షా ముప్పై వేలట. ఇంగ్లండులో నార్తాంప్టన్ అనే ఊళ్లో చేస్తారట. ఆ ఊరికి బూట్లంటే మన నెల్లూరికి బియ్యం లాంటిదని నాకూ తెలుసు. ఒక్కో జత రెండు వందల పైచిలుకు పనులు దాటి, రెండు నెలల దాకా పట్టి బయటికొస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. నాకు కారం రాసినట్టయింది తర్వాతి మాటకి. లండన్లో ఆ నమూనా ఒక్క కొట్లోనే అమ్ముతారు. సంవత్సరం పొడుగునా ఒకటే ధర. పండగ లేదు, తగ్గింపు లేదు, రెండు జతలు తీసుకుంటే సాక్సు కూడా ఊరికే ఇవ్వరు. ఏ కొట్టయినా తగ్గించి అమ్మిందని తెలిస్తే మర్నాటి నుంచి దానికి సరుకు బంద్.

ఎమ్మార్పీ అనే మూడక్షరాల మీద నాకున్న పగ పాత పాఠకులకు తెలుసు. 1990లో ఆ నిబంధన వచ్చినప్పుడు 'గరిష్ఠ ధర' అన్నారు. గరిష్ఠం అంటే అంతకు మించకూడదని. మన కొట్లవాళ్లు దాన్ని అంతకు తగ్గకూడదని చదువుకున్నారు. ఇక ఈ దొరల కొట్లలో అచ్చేసిన ధర వేదవాక్కు. అమ్ముడుపోని సరుకును చవగ్గా ఇవ్వడం కంటే తగలబెట్టడం మేలనుకునే సంప్రదాయం వాళ్లది. బర్బెరీ కంపెనీ 2017లో 2.86 కోట్ల పౌండ్ల సరుకును అలాగే నాశనం చేసింది. ఆ సంగతి మరుసటేడు బయటపడి, నలుగురూ తిట్టాక మానుకుంది.

ఇదంతా ఏకరువు పెట్టి, "దోపిడీకి ఇంగ్లిషు పేరు రా ఇది" అని తేల్చేశాను. మావాడు పీటల మీద నుంచి లేచిన అలసటలో కూడా నవ్వి, "మీ మిల్లు పట్టాలు ఎన్ని కొట్లలో దొరికేవి మామయ్యా?" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. దశాబ్దాల పాటు ఈ దేశంలో రైలు పట్టా అంటే భిలాయిదే, కొనేవాడంటే రైల్వేనే. ఒక్క అమ్మేవాడు, ఒక్క కొనేవాడు. మధ్యలో బేరం లేదు. మామూలు ఉక్కు సంగతి ఇంకా విచిత్రం. 1964లో పెట్టిన జాయింట్ ప్లాంట్ కమిటీ ధర ఖాయం చేసేది. రవాణా ఖర్చు సమానం చేసే విధానం వల్ల మా ఫర్నేసు పొగ పీల్చుకుంటూ కొన్నా, రెండు వేల కిలోమీటర్ల అవతల కొన్నా ఉక్కు రేటు ఒకటే. 1992 జనవరిలో ఆ ధరల కట్టు విప్పేదాకా భిలాయివాడికి ఉక్కు దగ్గర్లో ఉందన్న లాభం కానీ ఉందా? అంటే నేను జీతం తీసుకున్నదంతా బేరంలేని కొట్లోనే. అప్పుడు దాన్ని దోపిడీ అనలేదు నేను. దేశసేవ అన్నాను.

నిద్ర రాకపోతే మనసు వెనక్కి పోతుంది. నాదైతే ఎప్పుడూ నాన్న కాళ్ల దగ్గరికే పోతుంది.

నాన్న పార్వతీపురం వైపు పల్లె నుంచి 1958లో వచ్చాడు. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. దానికి ముందు మట్టి తవ్వినవాళ్లలో ఈయనొకడు. ఊళ్లో బయల్దేరేటప్పుడు కాళ్లకు కిర్రు చెప్పులున్నాయి, కానీ స్టేషను దాకా చేత్తో పట్టుకునే నడిచాడట, అరిగిపోతాయని. ఆ చెప్పులకు ధర లేదు. మా ఇంటికి చెప్పులు కుట్టే హక్కు ఊళ్లో ఒకే మాదిగ కుటుంబానిది. ఇంకో ఇంటివాళ్లు వచ్చి కుట్టి ఇస్తామన్నా మా తాత కుట్టించుకోకూడదు, వాళ్లు కుట్టకూడదు. ఏడాదికి ఇన్ని జతలు, కపిల తొట్టికి తోలు, ఎద్దులకు పలుపులు. వీటన్నిటికీ కలిపి కోతలయ్యాక కళ్లంలో మేర గింజలు. లందలో తోలు నానబెట్టడం, తంగేడు చెక్క దంచడం, రంపెతో కోయడం, ఆరెతో గుచ్చడం, అన్నీ ఆ ఇంటి చేతులే. గింజలు కొలిచే చెయ్యి మాత్రం మాది. కుంచం నిండా పోశామా, తల కొట్టి పోశామా అన్నది ఆ ఏటి పంటను బట్టీ, మా తాత మనసును బట్టీ.

లండన్ కొట్టు సంగతి విన్నాక ఇది కొత్తగా గుచ్చుకుంది. ఒక ఊరు, ఒక్క అమ్మేవాడు, పోటీ లేదు, తగ్గింపు లేదు. కాగితం మీద చూస్తే నార్తాంప్టన్ ఏర్పాటుకూ మా ఊరి ఏర్పాటుకూ తేడా కనబడదు. అక్కడ ఆ ఏర్పాటు బూటును లక్ష దాటించింది. మా ఊళ్లో అదే ఏర్పాటు కుట్టినవాణ్ణి కళ్లం అంచున నిలబెట్టింది. జాషువా 1941లో 'గబ్బిలం' రాస్తూ ఆ వృత్తివాణ్ణే కథానాయకుణ్ణి చేసి, వాడి మొరను గబ్బిలం చేత కాశీకి పంపించాడు. పెళ్లిలో మనం ఆకాశంలో వెతికి చూపించే అరుంధతి తమ ఇంటి ఆడపడుచని మాదిగలు చెప్పుకుంటారు. మొన్న పురోహితుడు నక్షత్రం చూపించినప్పుడు మేమందరం మెడలెత్తి చూశాం. వధూవరులతో సహా ఎవరి కాళ్లకూ జోళ్లు లేవు.

నాన్నకు ప్లాంటులో సేఫ్టీ బూట్లిచ్చారు. ముక్కు దగ్గర ఉక్కు తొడుగు, అడుగున బరువైన అట్ట. మొదటి జత వేసుకున్న రోజు ఆయన నడుస్తుంటే ఎవరో వెనకాల వస్తున్నట్టు తిరిగి తిరిగి చూసుకున్నాడని అమ్మ చెప్పేది. సెక్టార్‌లో కాళ్లను చూసి ఖలాసీ ఎవరో, ఛార్జిమన్ ఎవరో పోల్చుకోలేకపోయేవాళ్లం. ఆ బూట్లకూ ధర లేదు, ఉన్నా మాకెవరికీ తెలియదు. బూటుకు ధర ఉంటుందని నాకు నేర్పింది బాటా కొట్టు. చివర్లో తొమ్మిదులుండే ఆ ధరలు మా నాన్నకు ఎంత నచ్చేవో. బేరం ఆడక్కర్లేదని కాదు. కొట్టువాడు తన ముఖం చూసి రేటు చెప్పడం లేదని. 1922లో జ్లీన్ పట్నంలో తొమాష్ బాటా తన బూట్ల ధర ఒక్క దెబ్బకు సగానికి కోసి పోటీదార్లను మట్టికరిపించాడు. అటువంటివాడి కొట్లో కూడా ఒకటే ధర, లక్ష రూపాయల కొట్లో కూడా ఒకటే ధర. ఈ రెండింటి మధ్యనున్న బజారుకే బేరం కావాలి.

కోర్టులు కూడా దీన్ని తేల్చలేక కిందా మీదా పడ్డాయి. అమెరికాలో తయారీదారు కొట్టుకు కనీస ధర కట్టడి చేయడం 1911 నాటి తీర్పుతో నేరమైంది. టెక్సస్‌లో ఒక కొట్టు ఓ కంపెనీ తోలు సామానును 20 శాతం తగ్గించి అమ్మితే, ఆ కంపెనీ సరుకు ఆపేసింది. కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 2007లో ఐదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలబడి పాత తీర్పును పక్కన పెట్టారు. అన్నిసార్లూ నేరం కాదు, మంచి జరిగిందో చెడు జరిగిందో చూడాలన్నారు. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2021లో డీలర్ల తగ్గింపులను అడ్డుకున్నందుకు మారుతీకి 200 కోట్ల జరిమానా వేసింది. దాన్ని నేను ఈ కాలమ్‌లోనే చప్పట్లు కొట్టి మెచ్చుకున్నాను.

ఆ అమెరికా తీర్పులో ఐదుగురి వాదనే నా నోరు నొక్కింది. ఒక కొట్టువాడు పాదం కొలుస్తాడు, గంటసేపు కూర్చోబెడతాడు, ఏది నప్పుతుందో చెబుతాడు. కొనేవాడు అంతా విని, పక్క కొట్లో చవగ్గా కొనుక్కుంటాడు. అప్పుడు కొలిచేవాడు మునుగుతాడు, కొలత మాయమవుతుంది. మావాడు చెప్పిందీ అదే. ఎడమ పాదం కుడిదానికన్నా కాస్త పొడుగని ముప్పై ఏళ్లకు వాడికి తెలిసింది ఆ కొట్లోనే. మొదటి రోజు వాడి సైజు లేదని అమ్మకుండానే పంపేశారట. దగ్గరి సైజు అంటగట్టకుండా పంపేసిన చెప్పుల కొట్టు నాకు ఈ జన్మలో తగల్లేదు.

అయినా ఆ లక్షలో కుట్టిన చేతికి ఎంత పోయిందన్న ప్రశ్న అలాగే ఉంది. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా ప్రదర్శనలో మోడళ్ల కాళ్లకు కొల్హాపురి చెప్పులు కనబడ్డాయి. కొల్హాపూర్ పేరు మాత్రం కనబడలేదు. 2019లోనే భౌగోళిక గుర్తింపు పొందిన చెప్పులవి. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు. గోల జరిగింది, కంపెనీ ఒప్పుకుంది, డిసెంబరులో రెండు రాష్ట్రాల తోలు సంస్థలతో ఒప్పందం కుదిరింది: ఇక్కడి చేతులతో 2,000 జతలు, ఒక్కోటి దాదాపు 800 యూరోలు, ప్రపంచం మొత్తం మీద 40 కొట్లు. మన డబ్బుల్లో జత 80 వేలకు పైమాటే. కొల్హాపూర్‌లో వరసగా కొట్లున్న వీధిలో అదే తోలు, అదే కుట్టు, వందల్లో బేరమాడుకుంటాం. ఆ నలభై తలుపుల తాళాలూ, ఆన్‌లైన్ కొట్టు తాళమూ మిలాన్‌లో ఉన్నాయి.

ఇక బూట్ల దగ్గరికి. డబ్బు ముట్టాక పిల్లలు వంటశాలలో ఉల్లిపాయల బస్తాలోంచి వాటిని తీసుకొచ్చారు. ఎవరో బస్తా మీద గుండిగ దించినట్టున్నారు. కుడి బూటు అంచున నాలుగు కుట్లు తెగాయి. మావాడు ముఖం మాడ్చుకుని, "ఇంగ్లండు పంపాలి, వాళ్లే చేయాలి" అన్నాడు. వాడు నిద్రపోయాక ఆ బూటును సంచిలో వేసుకుని పవర్‌హౌస్ స్టేషన్ దారిలో చెట్టు కింద కూర్చునే మోచీ దగ్గరికి వెళ్లాను. పాతికేళ్ల పరిచయం. బూటును అటూ ఇటూ తిప్పి, అంచునున్న వెల్టు అనే తోలు పట్టీని గోటితో గీరి, "పాత సేఫ్టీ బూటుకు కూడా ఇదే కుట్టు, బాబూజీ" అన్నాడు. నిజమే. గుడ్‌ఇయర్ కుట్టంటారు దాన్ని, రబ్బరును గట్టిపరిచే వల్కనైజేషన్ కనిపెట్టినాయన కొడుకు పేటెంట్ల మిషను. హ్యాండ్‌మేడ్ అని బంగారు అక్షరాల్లో రాసుకున్న బూటుకు అంచు కుట్టింది మిషను. ఆ నాలుగు కుట్లు మైనం పట్టిన దారంతో, ఆరెతో వేసింది మాత్రం చెయ్యి. దారం తెగిన గుంటల్లోంచే పోయింది, కొత్త చిల్లు ఒక్కటి పెట్టలేదు. అరగంట పట్టింది.

"ఎంత?" అన్నాను.

"జో సమఝ్ మే ఆయే."

మీకేది తోస్తే అది! ఇన్నేళ్లూ ఈ మాట వినగానే నాకు లోపల హుషారొచ్చేది. ఆ రోజు ఒళ్లు మండింది. "ధర నువ్వు చెప్పు. ఇలా మా మీదకి వదిలేస్తే నీకు మిగిలేది ఏముంది? ఒక బోర్డు పెట్టుకో, కుట్టుకింత, అడుగుకింత, బేరం లేదు అని రాయించు. నేనే రాయిస్తాను" అన్నాను. ఎమ్మార్పీ పగవాణ్ణి నేనే ఈ మాట అంటున్నానని తెలుసు. అన్నట్టే మర్నాడు రేకు మీద పెయింటుతో రాయించి పట్టుకెళ్లాను కూడా.

ఆయన బోర్డును ఓపిగ్గా చదివి, చెట్టు మొదలుకు వెనక్కి తిప్పి ఆనించాడు. "ఇది పెడితే రిక్షావాడి చెప్పు పది రూపాయలకు ఎలా కుట్టను? ఆస్పత్రి డాక్టరుగారి దగ్గర వంద ఎలా తీసుకోను? నేను ముందు జోడు చూస్తాను, తర్వాత ముఖం చూస్తాను. బోర్డుకు కళ్లుండవు కదా బాబూజీ."

మా నాన్న భయపడి పారిపోయింది ఈ కళ్లనుంచే. కానీ ఆ కళ్లు ఇక్కడ గింజలు కొలిచేవాడివి కావు, కుట్టేవాడివి. నాకు వెంటనే మాట తోచలేదు. కాసేపాగి, "మరి నా ముఖానికి ఎంత వేస్తావు?" అన్నాను.

దారానికి మైనం రుద్దుతూ తలెత్తకుండా చెప్పాడు. "మీకు ఎప్పుడూ ఇరవై ఎక్కువే చెబుతాను. మీరు పదిహేను తగ్గిస్తారు."